రెండో ఇంజినే సాక్షి

ప్రశ్న: సార్, ఎప్పట్నుంచో ఒక స్పోర్ట్ బోట్ కొనాలని ఉంది, కొత్తది నా వల్ల కాదు గానీ సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది. 28 అడుగులు, రెండు వీ8 పెట్రోల్ ఇంజిన్లు, వెనక రెండు స్టెర్న్‌డ్రైవ్‌లు (లోపలి ఇంజిన్‌తో బయట ప్రొపెల్లర్‌ని తిప్పే గేరు కాళ్ళు), 2006 మోడల్. మీటర్లో 410 గంటలే ఉన్నాయి, బయటికి అద్దంలా ఉంది. ఓనరేమో "రెండు ఇంజిన్లు కదా, ఒకటి ఆగినా రెండోదాంతో ఒడ్డుకొచ్చేస్తావ్" అంటున్నాడు. కొనేయమంటారా?

జవాబు: ముందు ఆ 410 గంటల సంగతి చూద్దాం. ఇన్నేళ్ళ బోటుకి అంత తక్కువ గంటలంటే మీకు సంతోషంగా ఉంది, నాకు భయంగా ఉంది. ఏడాదికి పాతిక గంటలు కూడా తిరగలేదన్నమాట, మిగతా రోజులన్నీ ఊరికే పడుంది. ఊరికే పడున్న బోట్లో రబ్బరు బిగుసుకుపోతుంది, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది, సీళ్ళు ఎండిపోతాయి. ఏటా వంద గంటలు తిరిగి, ఏ పని ఎప్పుడు చేయించారో కాగితాలున్న బోటే నేనైతే ముందు చూస్తా.

ఓనర్ చెప్పింది సగమే నిజం. ఒకదాని బెల్ట్ తెగితే, లేదా వాటర్ పంపు పోతే, రెండోదాంతో మెల్లగా రావచ్చు, అది నిజమే. కానీ ఈ సైజు బోటు ఒక్క ఇంజిన్‌తో మామూలుగా ప్లేనింగ్‌లోకి రాదు, అంటే వేగానికి నీళ్ళ పైకి లేచి జారదు, ముక్కు పైకెత్తి నీళ్ళని దున్నుకుంటూ వస్తుంది, పైగా ఆగిపోయిన డ్రైవ్ కింద వేలాడుతూ ఒక పక్కకి లాగుతుంటుంది (దాన్ని పైకి ఎత్తేసుకోండి). ఇక రెండిటికీ ఒకే ట్యాంకయితే, అందులోకి నీళ్ళు చేరితే రెండూ కలిసే ఆగుతాయి. కాబట్టి ట్యాంకులు, ఫిల్టర్లు, బ్యాటరీలు దేనికవి వేరుగా ఉన్నాయా లేదా అన్నది మొదటి రోజే అడగండి.

నన్నడిగితే రెండు ఇంజిన్ల అసలు లాభం వేరే ఉంది. ఒకే ఇంజిన్ ఉన్న బోట్లో అది చేసే చప్పుడు మామూలుదో కాదో మీకెలా తెలుస్తుంది? ఇక్కడ పక్కనే దాని కవల ఉంది, అదే వయసు, అదే ఓనర్, అవే నీళ్ళు. రెండిటి మధ్య ఎక్కడ తేడా కనపడినా అక్కడ ఆగి ఎందుకని అడగండి.

వెళ్ళగానే ఇంజిన్ బ్లాకుల మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట, చల్లగా ఉన్నప్పుడు అది ఎంత మొరాయిస్తుందో మీకు కనపడకూడదని కావచ్చు, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. తర్వాత గంటల మీటర్లు, ఒకటి 410, రెండోది 260 చూపిస్తే ఇంజిన్ మార్చారా, మీటర్ మార్చారా, లేక ఒకటి రిపేర్లో ఉంటే రెండోదాంతోనే నడిపారా? మెకానిక్‌తో పదహారు సిలిండర్లకీ కంప్రెషన్ టెస్ట్ (లోపల ఒత్తిడి ఎంత నిలుస్తుందో కొలిచేది) చేయించండి, ఒకదానికొకటి పది, పదిహేను శాతం లోపు తేడాలో ఉండాలి. అంకె కొంచెం తక్కువైనా అన్నీ సమానంగా ఉంటే నాకు పెద్ద దిగులుండదు, ఒక్కటి మాత్రం పడిపోయి ఉంటే ఉంటుంది. రెండు ఇంజిన్ల ఆయిలూ, రెండు డ్రైవ్‌ల గేర్ ఆయిలూ కొంచెం కొంచెం తీసి ల్యాబ్‌కి పంపండి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉందంటే నీళ్ళు దూరాయి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద సన్నటి బూడిద పేస్టు ఉంటే పర్లేదు, పలుకులు చేతికి తగిలితే లోపల గేర్లు అరిగిపోతున్నట్టే.

నీళ్ళ మీదకి తీసుకెళ్ళకుండా మాత్రం డబ్బులివ్వొద్దు. ఫుల్ థ్రాటిల్‌లో తయారీ కంపెనీ చెప్పిన ఆర్పీఎం రెండూ అందుకోవాలి. బోటు అడుగున నాచు పట్టి ఉంటే రెండూ సమానంగా తగ్గుతాయి, అదే ఒకటి మాత్రమే మూడొందలు తక్కువ తిరుగుతుంటే తప్పు ఆ పక్క ప్రొపెల్లర్‌లోనో, ఆ ఇంజిన్‌లోనో, లేదంటే ఆ ఆర్పీఎం మీటర్లోనో ఉంది.

పెయింట్ మెరుపు చూసి మోసపోకండి. చిన్న ప్లాస్టిక్ సుత్తితో వెనక ట్రాన్సమ్ (డ్రైవ్‌లు బిగించే వెనక గోడ) అంతా కొట్టుకుంటూ రండి, టక్ టక్ అని గట్టిగా పలకాలి, డబ్ అని మొద్దుగా పలికిందంటే లోపలి చెక్క నాని ఉండొచ్చు. ఇంజిన్ మౌంట్లు కూర్చున్న స్ట్రింగర్లు (అడుగున పొడవునా ఉండే దూలాలు) కూడా అంతే. రెండు వీ8ల బరువంతా మోసేది అవే, అవి కుళ్ళితే మాత్రం బేరం ఆడకుండా వెనక్కొచ్చేయండి. బోటు బాడీకి సర్వేయర్, ఇంజిన్లకి మెకానిక్, ఇద్దరూ వేరు, ఇద్దరూ మీ మనుషులే అయ్యుండాలి, ఓనర్ చూపించినవాళ్ళు వద్దు.

ప్రశ్న: మా బోట్లో కుడి ఇంజిన్ ఎడమదానికంటే వేడిగా చూపిస్తోంది. ఉప్పునీళ్ళలో నడుపుతాం, సముద్రపు నీళ్ళే నేరుగా ఇంజిన్లో తిరిగే టైపు. మెకానిక్ ఇంజిన్ విప్పాలంటున్నాడు.

జవాబు: అప్పుడే విప్పనివ్వకండి! ముందు రెండు ఇంజిన్ల టెంపరేచర్ సెండర్లు (వేడి ఎంతుందో మీటర్‌కి చెప్పేవి) ఒకదానిది ఇంకోదానికి మార్చి చూడండి, వేడి ఎడమ వైపుకి మారిపోతే ఇంజిన్ బాగానే ఉంది, సెండరే అబద్ధం చెప్తోంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే రెండు వైపులా ఒకే చోట పట్టి చూసినా చాలు. వేడి నిజమేనని తేలితే ముందు ఇంపెల్లర్ (వాటర్ పంపులో నీళ్ళని నెట్టే రబ్బరు చక్రం) విప్పించండి. రెక్కలు విరిగి ఉంటే ఆ ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి, నేనొకసారి కొత్త ఇంపెల్లర్ వేసేసి పనైపోయిందనుకున్నా, పాతదాని రెండు రెక్కలు గొట్టంలోనే ఇరుక్కుని రెండు వారాలకి మళ్ళీ అదే వేడి. ఆ తర్వాత థర్మోస్టాట్, ఆ తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు, రైజర్లు (పొగ బయటికి పోయే, చుట్టూ నీళ్ళు తిరిగే గొట్టాలు). ఉప్పునీళ్ళలో ఇవి లోపల తుప్పుపట్టి దారి మూసుకుపోతాయి, ఐదారేళ్ళు దాటితే అనుమానించాల్సిందే, వాటి గోడ చిల్లు పడితే నీళ్ళు సిలిండర్లోకే వచ్చేస్తాయి, అప్పుడు ఇంజిన్ విప్పక తప్పదు. మార్చాల్సొస్తే రెండో ఇంజిన్‌వి కూడా విప్పి చూడండి, వాటి వయసూ అంతేగా.

ప్రశ్న: ఆల్టర్నేటర్ పోయింది. అచ్చం అలాంటిదే కారుది తక్కువకి దొరుకుతోంది, బోల్టులు కూడా సరిపోతున్నాయి, వేసేయొచ్చా?

జవాబు: వద్దు. బోటుది లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరికి అంటుకోకుండా కట్టి ఉంటుంది, కారుది అలా ఉండదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కారు కిందైతే గాలికి పోతుంది, బోట్లో అడుగున బిల్జ్ అనే గుంటలో పేరుకుంటుంది. స్టార్టర్‌కైనా ఇదే మాట. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ (ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) నాలుగు నిమిషాలు ఆడించి, మూత ఎత్తి ముక్కుతో వాసన చూడండి, వాసన ఉంటే తాళం తిప్పొద్దు.

ప్రశ్న: రెండు ఇంజిన్ల సర్వీసు ఒకేసారంటే భారంగా ఉంది. ఈ ఏడు ఒకదానికి, వచ్చే ఏడు రెండోదానికి చేయిస్తే కుదురుతుందా?

జవాబు: ఖర్చు కోసమైతే కుదరదు. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, ఇంపెల్లర్ రెండిటికీ ఏటా చూడాల్సిందే. సగం కరిగిన ఆనోడ్లు (డ్రైవ్ లోహం బదులు తామే కరిగిపోయే ముక్కలు) మార్చేయాలి, ఉప్పునీళ్ళకి జింకువి, మంచినీళ్ళకి మెగ్నీషియంవి. ముఖ్యంగా బెలోస్, డ్రైవ్‌కి బోటుకి మధ్య ఉండే ఆ రబ్బరు గొట్టాలు, వాటిలో వాయిదా అసలు వద్దు. డ్రైవ్ పైకెత్తి, అటూ ఇటూ తిప్పి మడతల్లో పగుళ్ళున్నాయేమో చూడాలి. చిన్న చీలికైతే లోపలి బేరింగు, యూ జాయింట్లు పోతాయి, పెద్దదైతే బోటు కట్టేసిన చోటే మునుగుతుంది.

కానీ మీ ఆలోచనలో ఒక మంచి విషయం ఉంది. రెండు ఇంజిన్లతో సముద్రాలు దాటే విమానాల్లో రెండిటి మీదా ఒకే పని ఒకే మెకానిక్ ఒకేసారి చేయకుండా చూస్తారు, ఒకడి పొరపాటు రెండిటినీ ఆపకూడదని. మీరూ ఏడాది కాదు, ఒక్క వారం తేడా పెట్టండి. ముందు ఒకదాని పని చేయించి, ఒక రోజు నీళ్ళ మీద తిప్పి, మూత ఎత్తి కారుడు లేదని చూసుకుని అప్పుడు రెండోదాన్ని ముట్టుకోనివ్వండి.