కాలువ గట్టు మీద సైకిలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

తారు రోడ్డు వదిలి గోదావరి డెల్టాలో సైకిలు మీద తిరగడం గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాలలో కొన్నిటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ సెలవులకు ఇంటికి వస్తుంటాను. ఈ మధ్య గేరు సైకిలు కొన్నాను. లారీల మధ్య తొక్కడం ఇష్టం లేక ఫోనులో మ్యాపు చూసుకుంటూ చేలల్లోకి దిగితే, దారి ఉండాల్సిన చోట చేపల చెరువు ఉంటోంది, లేదా మురుగు కాలువ అడ్డం వచ్చి వంతెన లేక వెనక్కి తిరగవలసి వస్తోంది. డెల్టాలో మట్టి దారిని ఎంచుకునే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. మ్యాపులో దారుల గీతలు వెతకడం మాని నీటి గీతలు చూడండి. మన డెల్టాలో సాగునీటి కాలువలను మెరక మీదుగా తవ్వారు. మురుగు కాలువలు పల్లంలో పోతాయి. మెరక నుంచి చేలకు పారిన నీరు చివరకు పల్లానికి దిగాలి కనుక ఇది ఇలాగే ఉండాలి. ఈ తేడా తెలిస్తే ఏ గట్టు మిమ్మల్ని ఊరికి చేరుస్తుందో, ఏది తుమ్మ పొదల్లో వదిలేస్తుందో ముందే ఊహించవచ్చు.

అన్నిటికంటే నమ్మదగినది పెద్ద కాలువ గట్టు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వెనుక ఆర్థర్ కాటన్ ఆలోచన సాగునీటితో ఆగలేదు; ఆ కాలువల మీద పడవలు కూడా నడవాలన్నది ఆయన పట్టుదల. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగేవారు కాబట్టి, మధ్యలో తెగిపోని నడక దారి గట్టు మీద తప్పనిసరిగా కావలసి వచ్చింది. పడవలు పోయినా ఆ దారి చాలా చోట్ల మిగిలింది. నీటి మట్టం ఒక మెట్టు దిగే చోట లాకులు ఉంటాయి, అక్కడ కాలువ దాటడానికి వంతెన ఉంటుంది, చుట్టూ చెట్ల నీడ ఉంటుంది, తరచుగా ఒక టీ కొట్టూ ఉంటుంది. షట్టర్లు చూసుకునే లస్కరు కనిపిస్తే ముందున్న గట్టు ఎలా ఉందో అడగండి; ఏ తూము దగ్గర గండి పడిందో, ఎక్కడ పూడిక మట్టి పోశారో ఆయనకు తెలిసినంతగా ఏ ఫోనుకూ తెలియదు. చాలా కాలువలకు ఒక గట్టు మీద తారు రోడ్డు, అవతలి గట్టు మీద మట్టి దారి ఉంటాయి. మీకు కావలసింది ఆ అవతలి గట్టు.

దారి తప్పితే నీరు ఎటు పారుతోందో చూడండి. ప్రవాహానికి ఎదురు వెళితే, ఆలస్యమైనా, తూర్పు డెల్టాలో ధవళేశ్వరం, మధ్య డెల్టాలో బొబ్బర్లంక, పశ్చిమ డెల్టాలో విజ్జేశ్వరం, కాలువలకు నీరు వదిలే ఈ మూడు తలుపుల్లో ఒక దానికి చేరుకుంటారు. ప్రవాహం వెంట వెళితే మాత్రం జాగ్రత్త అవసరం: కాలువ చీలి, చీలి, పిల్ల కాలువై, బోదెయై, శివారు చేనులో ముగిసిపోతుంది, దానితోపాటే దారి కూడా. అందువల్ల చీలిక వచ్చిన ప్రతిచోటా నీరు ఎక్కువగా పోతున్న పాయను పట్టుకోవడం మంచిది.

మురుగు కాలువ గట్లను నేను సిఫారసు చేయను. యనమదుర్రు వంటి పెద్ద డ్రెయిన్ల పక్కన కొంత దూరం బాగానే సాగుతుంది గాని, వంతెనలు దూరదూరంగా ఉంటాయి, గట్టు ఎక్కడ తెగుతుందో తెలియదు, గుర్రపుడెక్క కమ్మిన చోట నీరు ఏదో నేల ఏదో పోల్చుకోవడం కష్టం. చేపల చెరువుల గట్లు అంతకంటే ఇబ్బంది. అవి ఒకరి సొంత ఆస్తి. మోటార్లకు, ఏరియేటర్లకు పోయే కరెంటు తీగలు నేల మీదే పడి ఉంటాయి, కాపలా కుక్కలు ఉంటాయి. మీ మ్యాపులో కనిపించిన దారి చెరువు తవ్వక ముందరి పుంత అయి ఉంటుంది. పుంతలు ఊరుమ్మడి బండి దారులు కాబట్టి వాటి మీద వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఎండిన రోజుల్లో వాటిని మించిన దారి లేదు. అయితే దమ్ము చక్రాల ట్రాక్టర్లు తిరిగిన పుంతలో పడిన చాళ్లు ఎండి రాయిలా గట్టిపడతాయి. ముందు చక్రం అందులో దిగితే పడిపోవడమే.

ఇక మీ ఊరి నుంచి నేను సూచించే చుట్టు ఇది. పాలకొల్లులో నరసాపురం కాలువ గట్టు ఎక్కి నరసాపురం వరకు దిగండి. అక్కడి నుంచి గోదావరి పాయ అయిన వశిష్ఠ ఏటిగట్టు పట్టుకుని చించినాడ వైపు ఎగువకు వచ్చి, చించినాడ నుంచి పాలకొల్లు తిరిగి రండి. కాలువ గట్టు మీద చేలు మీ పక్కనే ఉంటాయి. ఏటిగట్టు ఎక్కితే ఒక వైపు నది, లంకలు, మరో వైపు మీ కాళ్ల కంటే కిందుగా కొబ్బరి తోటలు, ఇళ్ల కప్పులు కనిపిస్తాయి. ఒకే రోజున ఈ రెండూ చూస్తేనే డెల్టా ఎలా నిలబడి ఉందో అర్థమవుతుంది. పొద్దున్నే సముద్రం వైపు వెళ్లి మధ్యాహ్నం తరువాత ఎగువకు తిరగడంలో ఒక లాభం ఉంది: సముద్రం మీది నుంచి వచ్చే పైరగాలి అప్పటికి వీపును తోస్తుంది. మన నేలలో ఎత్తులు లేవు కాబట్టి శ్రమంతా గాలితోనే. పల్లం లేదంటే తొక్కకుండా జారే అవకాశం కూడా లేదని అర్థం. కాళ్లకు విరామం మీరే ఇవ్వాలి.

ప్రశ్న: ఏ నెలల్లో బాగుంటుంది? వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అయితే నీటి భయం లేకుండా గట్ల మీద తిరగవచ్చు కదా? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వినడానికి బాగుంటుంది గాని, కాలువ కట్టేసిన కాలమే గట్టు బాగాలేని కాలం. దాళ్వా (రెండో పంట) కోతల తరువాత నీరు ఆపి, జూన్‌లో మళ్లీ వదిలే లోపల మరమ్మతులన్నీ పూర్తి చేస్తారు. పొక్లెయినర్లు కాలువలోని పూడిక తీసి గట్టు మీదే పోస్తాయి, తూముల దగ్గర అడ్డంగా తవ్వుతారు. పైగా వడగాడ్పు. జూన్ నుంచి ఊడ్పులు, వానలు. రేగడి మట్టి తడిస్తే నాలుగు బారలు వెళ్లే సరికి చక్రానికీ మడ్గార్డుకూ మధ్య బిగుసుకుపోయి సైకిలును భుజాన వేసుకోవలసి వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం. ఆ వెంటనే సార్వా (మొదటి పంట) కోతలు మొదలై గట్టు పొడుగునా ధాన్యం ఆరబోస్తారు. అంచున రాళ్లు పేర్చిన ధాన్యం రాశి పక్కన చోటు లేకపోతే దిగి, సైకిలును ఎత్తుకుని దాటండి. ధాన్యం మీదుగా చక్రం పోనివ్వకండి. అది ఒక కుటుంబం ఏడాది కష్టం, తడిసిపోతుందేమో, ధర పడిపోతుందేమో అని వాళ్లు రాత్రిళ్లు అక్కడే పడుకుంటారు.

సంక్రాంతి దాటాక ఫిబ్రవరి చివరి వరకు అసలైన కాలం. దాళ్వా నాట్లు పచ్చబడి ఉంటాయి, కాలువలు నిండుగా ఉంటాయి, నేల గట్టిగా ఉంటుంది. తెల్లవారుజామున మంచుకు గట్టు మీది గడ్డి జారుతుంది కనుక పొద్దెక్కాక బయలుదేరండి.

ప్రశ్న: నా వయసు యాభై దాటింది. ఇంట్లో మామూలు లేడీస్ సైకిలు ఉంది. కొత్తది కొనాలా? (రాజమహేంద్రవరం)

జవాబు: అక్కరలేదు. ఎక్కడానికి కొండలు లేవు, గేర్లతో పని తక్కువ. టైర్లు కొత్తవి వేయించి, బ్రేకులు సరిచేయించి, సీటును మీ కాలు దాదాపు చాచుకునే ఎత్తుకు పెంచుకుంటే చాలు. ఎక్కువ మందికి మోకాళ్ల నొప్పి వచ్చేది సీటు కిందకు ఉండటం వల్లనే. గాలి కొంచెం తక్కువ పెడితే మట్టి దారిలో కుదుపు తగ్గుతుంది. తుమ్మ ముళ్లు మాత్రం ఎవరినీ విడిచిపెట్టవు, కాబట్టి ఒక ట్యూబు, పంపు, ప్యాచీల పెట్టె దగ్గర ఉంచుకోండి. మీకు దగ్గరలో మొదటి ప్రయత్నానికి ధవళేశ్వరం నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, మధ్య డెల్టా ప్రధాన కాలువ వెంట ఆత్రేయపురం, లొల్ల లాకుల వైపు వెళ్లడం సుఖంగా ఉంటుంది. దారిలో పూతరేకులు కొనుక్కోవచ్చు. అది కూడా ప్రయాణంలో భాగమే అనుకోండి.

ప్రశ్న: సైకిలుతో నది దాటవచ్చా? అంతర్వేది వరకు వెళ్లాలని ఉంది. (భీమవరం)

జవాబు: నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగవచ్చు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు అలాగే దాటుతుంటాయి. గాలి ఎక్కువగా ఉన్నా, వరద ఉన్నా పంటు ఆపేస్తారు కనుక చించినాడ వంతెన ప్రత్యామ్నాయమని గుర్తుంచుకోండి. అంతర్వేది దగ్గర ఇసుకలో దారి ఉంటే ఉంది, లేకుంటే లేదు, సైకిలు నడిపించుకోవడానికి సిద్ధపడాలి. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది సముద్రంలో కలిసే చోట నీళ్లలో దిగవద్దు. ఇంటికి చేరగానే చైనును మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె వేయండి; ఉప్పు గాలికి మర్నాటికే తుప్పు కనిపిస్తుంది.

ప్రశ్న: ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. పిల్లలను సైకిళ్ల మీద గన్నవరం అక్విడక్టు చూపించడానికి తీసుకువెళ్లాలనుకుంటున్నాను. వాళ్లు లంకల్లోకి కూడా వెళదామంటున్నారు. (అంబాజీపేట)

జవాబు: అక్విడక్టుకు తప్పక తీసుకువెళ్లండి. కాలువ నీరు వైనతేయ నది పైనుంచి పోవడాన్ని పుస్తకంలో ఎంత చదివినా, వంతెన మీద నిలబడి కింద ఏరు, పైన కాలువ చూసినప్పుడే పిల్లలకు మనసుకు ఎక్కుతుంది. కాటన్ కాలం నాటి పాతదాని స్థానంలో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆ ప్రాంతంలోనే ఉండి ఆకలన్న వారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారని కూడా చెప్పండి. గట్టు మీద ఒకరి వెనుక ఒకరు, నీటికి దూరంగా ఉన్న అంచున వెళ్లాలి. ముందు ఒక పెద్ద, చివర ఒక పెద్ద ఉండాలి. నిండు కాలువకు రెయిలింగు ఉండదు, రేవు మెట్లు పాచితో జారుతాయి, ఈత వచ్చిన పిల్లవాడు కూడా లాకుల దగ్గర సుడిలో నిలవలేడు.

లంకల్లోకి మాత్రం జూలై నుంచి అక్టోబరు వరకు వద్దు. కనకాయలంక వంటి చోట్ల కాజ్‌వే మీదికి వరద నీరు వచ్చేస్తుంది, వెళ్లిన దారి సాయంత్రానికి ఉండకపోవచ్చు. మిగిలిన నెలల్లో కూడా ఎగువన ముసురు పట్టిందని వింటే ధవళేశ్వరం మట్టం కనుక్కోండి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చే వరకు కూడా ఆగకుండా, నీరు పెరుగుతోందన్న వార్త వినగానే ప్రయాణాన్ని వచ్చే నెలకు వాయిదా వేయండి.