పెళ్లికూతురి ఫోటో పోటీకి పంపొచ్చా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. నాలుగేళ్లుగా ఒక స్టూడియోలో జీతానికి ఫోటోలు తీస్తున్నాను. కొత్తగా పైకొస్తున్న డాక్యుమెంటరీ, పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫర్ల కోసం లండన్ సంస్థ ఒకటి పోటీ పెట్టింది. ఎంట్రీ ఫీజు లేదు, ఎవరైనా పంపొచ్చు. మూడు ఫోటోలు అనుకున్నాను. మా వాడలో బీడీలు చుట్టే ముసలమ్మ, తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తున్న పదేళ్ల పాప, ఒక పెళ్లిలో అప్పగింతలప్పుడు తీసిన పెళ్లికూతురి ముఖం. ఫ్రీ అంటే ఫోటోలు లాగేసుకుంటారని ఫ్రెండ్స్ అంటున్నారు. నిబంధనల్లో ‘ఎప్పటికీ, ప్రపంచమంతటా, రాయల్టీ లేని లైసెన్స్’ అని ఉంది. టెన్షన్‌గా ఉంది. పంపొచ్చా?

జవాబు: ఫీజు లేనంత మాత్రాన మోసం కాదు. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీకీ, సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డ్స్‌కీ ఫీజు లేదు. అలాగని చదవకుండా టిక్ కొట్టకండి. ఆన్‌లైన్‌లో కుదిరిన ఒప్పందం కూడా చెల్లుతుందని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది.

మీరు ఆ లైసెన్స్ గురించి భయపడుతున్నారు గానీ, నాకు అసలు చిక్కు పెళ్లికూతురి ఫోటో దగ్గర కనిపిస్తోంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకి కర్త దాన్ని తీసినవారే. మామూలుగా హక్కూ వారిదే, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. అయితే 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. స్టూడియోల్లో పనిచేసే చాలామంది దాన్ని ఎప్పుడూ విని ఉండరు. ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, కాపీరైట్‌కి మొదటి యజమాని వాళ్లే. అంటే ఆ ఫోటో మీదీ కాదు, మీ ఓనర్‌దీ కాదు, పెళ్లికి ఫోటోలు మాట్లాడుకుని డబ్బు కట్టిన కుటుంబానిది. స్టూడియో బిల్లు వెనక వేరే షరతు ఏమైనా అచ్చు వేసి ఉందేమో చూడండి. లేకపోతే డబ్బు కట్టినవారి దగ్గరా, పెళ్లికూతురి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అమ్మాయి తండ్రి ‘పంపుకో బాబూ’ అన్నా, ఆ అమ్మాయి ఒప్పుకోకపోతే పంపకండి. అది ఆమె ఏడుస్తున్న ముఖం. అనుమతి దొరికితే మాత్రం మీ పేరు పెట్టుకోవడానికి మొహమాటపడొద్దు. కాపీరైట్ ఎవరిదైనా కర్త అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ మీకే ఇచ్చింది.

ఇదంతా ఎందుకంటే, ఇలాంటి పోటీల నిబంధనల్లో చివరెక్కడో ఒక వాక్యం ఉంటుంది. ‘ఈ ఫోటోపై హక్కులన్నీ నావే, అందులో ఉన్నవారి అనుమతి నా దగ్గర ఉంది, ఎవరైనా దావా వేస్తే సంస్థకయ్యే నష్టం నేను భరిస్తాను’ అని. వివాదం వస్తే ఇంగ్లండ్ కోర్టుల్లోనే తేల్చుకోవాలని కూడా రాస్తుంటారు. మీ ఫ్రెండ్స్ భయపడాల్సింది దీని గురించి.

ఇక లైసెన్స్. ‘రాయల్టీ లేని’ అంటే వాడుకున్నందుకు మీకు డబ్బివ్వరని. లైసెన్స్ ఇవ్వడం ఇల్లు అద్దెకివ్వడం లాంటిది, యాజమాన్యం మీ దగ్గరే ఉంటుంది. ‘అసైన్‌మెంట్’ అనే మాట కనిపిస్తే మాత్రం అది ఇల్లు రాసిచ్చెయ్యడం, ఆగిపోండి. కాలం రాయని లైసెన్స్ మన చట్టం ప్రకారం ఐదేళ్లకే ముగుస్తుంది. మీ దాంట్లో ‘ఎప్పటికీ’ అని రాశారు కాబట్టి ఆ రక్షణ మీకు పనికిరాదు. ఎందుకు వాడతారన్నది చూడండి. ఎగ్జిబిషన్‌కీ, పోటీ ప్రచారానికీ అని ఉంటే పర్వాలేదు. ‘ఏ అవసరానికైనా, ఇతరులకు కూడా ఇచ్చే హక్కుతో’ అని ఉంటే రేపు ఏదో బ్యాంకు ప్రకటనలో ముసలమ్మ కనిపించినా మీరు ఏమీ అడగలేరు. నేనైతే అలాంటి పోటీకి పంపను.

ముసలమ్మ ఫోటో మీదే, స్టూడియో పనిలో భాగంగా తీసింది కాకపోతే. ప్రతి పోర్ట్రెయిట్‌కీ సంతకం ఉండి తీరాలని చెప్పే చట్టం మనకు విడిగా లేదు. కానీ గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. తెలుగులో అరపేజీ రాసి చదివి వినిపించండి. ఫోటో విదేశాల్లో ప్రదర్శిస్తారనీ, ఇంటర్నెట్‌లో ఉంటుందనీ అందులో ఉండాలి. వేలిముద్ర, పక్కన ఒక సాక్షి సంతకం. చదివి వినిపిస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది.

పాప ఫోటో పంపకండి. చట్టవిరుద్ధంగా పనిలో ఉన్న పిల్లల్ని 2015 బాలల న్యాయ చట్టం ‘రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లలు’గా లెక్కిస్తుంది. అలాంటి పిల్లల ఫోటోలు ప్రచురించకూడదని 74వ సెక్షన్. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ విచారణలకూ కేసులకూ సంబంధించిన వార్తల గురించే కదా అని మీ తరఫు లాయరు వాదించవచ్చు. ఆ వాదన మీ ఖర్చుతో జరగాల్సిన అవసరం లేదు. పైగా ఆ ఫోటో పట్టుకుని అధికారులు ఆ తల్లి ఇంటికే రావచ్చు. ముఖం కనబడకుండా, ఆకు కత్తిరించే చేతులు మాత్రమే ఉన్న ఫ్రేమ్ ఏదైనా మీ దగ్గర ఉంటే చూడండి.

ఒరిజినల్ ‘రా’ (RAW) ఫైళ్లు, అంటే కెమెరాలో పడ్డవి పడ్డట్టుగా ఉన్నవి, మాత్రం డిలీట్ చేయకండి. రేపు ఎవరైనా ఆ ఫోటో నాదే అంటే మీరు చూపించగలిగేది అవే. నిబంధనల పేజీని కూడా టిక్ కొట్టిన రోజే పీడీఎఫ్‌గా దాచుకోండి, తర్వాత మార్చేస్తుంటారు.