ర్యామ్ డిస్క్‌లో ఫైళ్లు తీసేసినా మెమరీ తిరిగి రాకపోతే

16 జీబీ లైనక్స్ మెషీన్‌లో టీఎంపీఎఫ్ఎస్ (ఫైళ్లను ర్యామ్‌లోనే ఉంచే ర్యామ్ డిస్క్) ఫైళ్లు డిలీట్ చేసినా మెమరీ ఖాళీ కాలేదని ఒకరు అడిగారు. వాటిని ఏదో ప్రోగ్రాం ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది. అది వదిలేదాకా కెర్నెల్ (లైనక్స్ ప్రధాన భాగం) ఆ మెమరీ పేజీలను విడిపించదు.

1. ఆ ఫోల్డర్ మీద డీఎఫ్ (మొత్తం ఎంత వాడకంలో ఉందో చూపే కమాండ్), డీయూ (కనిపించే ఫైళ్ల సైజు కూడి చూపే కమాండ్) రెండూ నడపండి. డీఎఫ్ బాగా ఎక్కువ చూపిస్తే కారణం దాదాపు ఇదే.

2. అందరూ వదిలేసే స్టెప్ ఇది: రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) ఎల్ఎస్ఓఎఫ్ (lsof) కమాండ్‌ను ‘ప్లస్ ఎల్ 1’ (+L1) ఆప్షన్‌తో నడపండి. పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లు, ప్రాసెస్ నంబర్లతో సహా కనిపిస్తాయి. అమీర్‌పేటలో మా ల్యాబ్ మెషీన్‌తో రెండు రోజులు టెన్షన్ పడ్డాక దొరికింది లాగ్ రాసే ఒక సర్వీసు.

3. ఆ ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేయండి.

డ్రాప్ క్యాషెస్‌తో (కెర్నెల్ క్యాష్‌ను ఖాళీ చేయించే సెట్టింగ్) టైమ్ వృథా చేసుకోకండి, టీఎంపీఎఫ్ఎస్ పేజీలను అది తీయదు. టీఎంపీఎఫ్ఎస్‌ను మౌంట్ చేసేటప్పుడు (ఫోల్డర్‌కు తగిలించేటప్పుడు) సైజ్ పరిమితి కూడా పెట్టండి. పెట్టకపోతే సగం ర్యామ్ దాకా పెరుగుతుంది.