మావోడు డిఫెండరండి, కోచ్ అవుతానంటున్నాడు

మొగల్తూరు వైపు నుంచి ఒక నాన్నగారు అడిగారు. రొయ్యల చెరువులు చేస్తారంట, కొడుకు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, కాలేజీ ఫుట్‌బాల్ టీంలో సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు అడ్డం నిలబడే డిఫెండర్. "బీటెక్ వద్దు నాన్నా, ముందు క్లబ్బుకి ఆడతా తర్వాత కోచ్ అవుతా అంటున్నాడండి, వాళ్లమ్మ రెండ్రోజుల్నించి సరిగా అన్నం తినట్లేదు, పోనీ గోల్ కొట్టేవాడైతే పేరన్నా వస్తది, అడ్డం నిలబడేవాడికి ఏం భవిష్యత్తు ఉంటుందండీ?" ఇదీ ఆయన బాధ.

ముందు అమ్మగారిని భోంచెయ్యమనండి, కొంపలేం మునిగిపోలేదు.

అడ్డం నిలబడేవాడు అన్నారు కదా, మీ చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ సంగతేంటండీ మరి? అది తిరుగుతున్నంతసేపు దాని మొహం ఎవరూ చూడరు, రాత్రి రెండింటికి కరెంటు పోయి ఆగిపోయిందనుకోండి, డీవో (నీళ్లలో ఆక్సిజన్) పడిపోయిందిరోయ్ అని లుంగీ ఎగ్గట్టి జనరేటర్ కోసం మీరే పరిగెడతారు. డిఫెండర్ బతుకూ అంతే. పైగా గోల్ కొట్టేవాడికి ముందున్నదే కనపడతది, వెనకాల నిలబడ్డవాడికి గ్రౌండ్ మొత్తం కనపడతది, తొంభై నిమిషాలూ నువ్విటు జరుగు, వాణ్ణి వదలకు, లైన్ పైకి రా అని అరుస్తానే ఉండాలి, కోచ్ పనిలో సగం అక్కడే నేర్చేసుకుంటాడు వాడు.

నేను ఊరికే మాటలు చెప్పట్లేదు. జర్మనీ బెకెన్‌బావర్ డిఫెండరే, 1974లో కెప్టెన్‌గా వరల్డ్ కప్ కొట్టాడు, 1990లో కోచ్‌గా మళ్లీ కొట్టాడు. 2022లో మెస్సీతో కప్పు ఎత్తించిన అర్జెంటీనా కోచ్ స్కలోనీ, ఆడే రోజుల్లో రైట్ బ్యాక్, అంటే కుడి పక్క డిఫెండర్, పెద్ద స్టారేం కాదు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ సయ్యద్ నయీముద్దీన్ గారు డిఫెండర్, 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి కంచు వచ్చినప్పుడు కెప్టెన్ ఆయనే, తర్వాత ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, ఇండియా టీం అన్నిటికీ కోచ్‌గా చేశారు, 1990లో ద్రోణాచార్య అవార్డు ఇచ్చారు. ఇంకో మాట, 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ రహీం సాబ్ కూడా హైదరాబాదే, ముందు స్కూల్లో మాస్టారు. ఆ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడితే, కూర్చోబెట్టకుండా ఈయన వాణ్ణి తీస్కెళ్లి గోల్ కొట్టే చోట, ఫార్వర్డ్‌లో పెట్టాడు, ఫైనల్లో కొరియా మీద అతనే గోల్ కొట్టాడు, 2-1తో గెలిచాం. ఈ కథ మీ వాడికి చెప్పండి, కోచ్ అంటే విజిల్ ఊదడం కాదని తెలుస్తది.

ఇప్పుడు చేదు మాట. కోచ్ అవుతాననే మాటకి నేను ఓకే, కానీ "ముందు క్లబ్బుకి ఆడతా" అన్న ముక్క మీద మాత్రం ఇల్లు కట్టకండి. ఆంధ్రాలో ఐఎస్‌ఎల్ క్లబ్బే లేదు, అంటే దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడే టీమే లేదన్నమాట. 2022లో కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా నాలుగేళ్లు తిరక్కుండానే 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. అదే ఏడాది కాంట్రాక్ట్ గొడవలో లీగే ఆగిపోయింది, కొన్ని క్లబ్బులు జీతాలు కూడా ఆపేశాయి. దానికి తోడు మోకాలు. ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ చేయించుకుని మళ్లీ ఆడేసరికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. రొయ్యకి వైట్ స్పాట్ రోగం వచ్చినట్టే, ఎప్పుడొస్తదో ఎవడు చెప్తాడు.

అందుకని నేను చెప్పేది ఒకటే, ఆట అయిపోయాక కోచింగ్ అని కాదు, ఆడతానే కోచింగ్ మొదలెట్టాలి, డిగ్రీ వదలకూడదు. డిగ్రీ అంటే బీటెక్కే అక్కర్లేదు, భీమవరంలోనో నర్సాపురంలోనో బీఎస్సీ చేసినా చాలు, యూనివర్సిటీ టీంకి ఆడొచ్చు. తర్వాత ఏపీ పీఈసెట్ ఎంట్రన్స్ రాసి రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), దాని మీద డీఎస్సీలో పీఈటీ, పీడీ అనే ఆటల మాస్టారి పోస్టులకి పోటీ పడొచ్చు. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది 2025లోనే, అట్టాంటిది ప్రతి ఏడూ రాదనుకోండి, అయినా దారి అంటూ ఒకటుంటది. ఇంకోపక్క ఏఐఎఫ్ఎఫ్ (దేశ ఫుట్‌బాల్ సమాఖ్య) ఇచ్చే కోచింగ్ లైసెన్సులు. పద్దెనిమిది నిండాక డి లైసెన్స్ కోర్సుకి అప్లై చేసుకోవచ్చు, కొద్ది రోజుల్లో అయిపోద్ది, ఆ తర్వాత సి, బి, ఎ, చివర్న ప్రో, మెట్టుకీ మెట్టుకీ మధ్య నిజంగా కోచింగ్ చేసి ఉండాలి, వరసపెట్టి పరీక్షలు రాసేస్తే అయ్యేది కాదు. పెద్ద లీగ్‌లో హెడ్ కోచ్ అవ్వాలంటే ప్రో ఉండాల్సిందే, దానికి ఏళ్లు పడతది. ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా కూడా ఉంది, అది డిగ్రీ అయ్యాక చూద్దాం.

జీతం? ప్రైవేట్ స్కూల్లో ఆటల మాస్టారి జీతం ఎంతో మీకు తెలుసు, నేను అబద్ధం చెప్పను. మొదటి నాలుగైదేళ్లు చెరువు డబ్బులే ఆదుకోవాలి.

ఒక జాగ్రత్త. నా దగ్గరకొచ్చిన ఒక కుర్రాడు, వేరే సిటీలో ఏదో అకాడమీ వాళ్లు ట్రయల్స్ పెట్టి సెలెక్ట్ అయ్యావన్నారు, ఫారిన్ తీస్కెళ్తామన్నారు, వాళ్ల నాన్న అరెకరం కొబ్బరితోట తాకట్టు పెట్టి మూడు లక్షలు కట్టాడు, ఏడాదికి చేతిలో రెండు జెర్సీలు, ఒక సర్టిఫికెట్ మిగిలినియ్. సెలెక్ట్ అయినోడి దగ్గర లక్షలు అడిగేది సెలెక్షన్ కాదండీ, అమ్మకం.

అదే కుర్రాడు ఇప్పుడేం చేస్తున్నాడో చెప్తా. సంక్రాంతికి రాజోలు దగ్గర వాళ్లూరు వెళ్తే చూశా, కోత అయిపోయిన చేలో కొయ్యకాళ్లు చెక్కేసి, తాటిమట్టలు పాతి గోల్ పోస్టులు పెట్టి, పదిమంది పిల్లల్ని ఆడిస్తున్నాడు. బాల్ మాటిమాటికీ బోదెలో పడ్తంది, ఒకడు గుర్రపుడెక్కలోంచి తీసుకొస్తన్నాడు. ఒక బుడ్డోడు బాల్ కనపడగానే కాళ్ల మీదకి దూకేస్తంటే ఈ అబ్బాయి ఆపి, వాడి భుజాలు పట్టుకుని పక్కకి తిప్పి నిలబెట్టి, "దూకకురా, చెయ్యి చాపినంత దూరంలో ఆగు, గేదెని తోల్తావే, అట్టా గట్టు వైపుకి తోలు, గోల్ వైపు రానీకు" అన్నాడు. మూడోసారికి ఆ పిల్లాడు తోలాడండీ! ఫార్వర్డ్ తిన్నగా గట్టెక్కేశాడు, అందరూ ఒకటే నవ్వు. వన్ ఆన్ వన్ డిఫెండింగ్ అని లైసెన్స్ కోర్సులో చెప్పేది కూడా ఇదే, కాకపోతే గేదె ఉండదు.

మీ వాడికీ అదే పరీక్ష పెట్టండి. ఈఏపీసెట్ ఎలాగూ రాయించండి, సీటొస్తే అప్పుడు చూసుకుందాం. ఈలోపు ప్రతి ఆదివారం పొద్దున్నే మీ ఊరి పిల్లల్ని పదిమందిని పోగేసి రెండు నెలలు నేర్పించమనండి, మీరు గట్టు మీద నిలబడి చూడండి, మధ్యలో మాట్లాడకండి. ఆఖరి ఆదివారానికి ఎంతమంది పిల్లలు మిగిలారో ఆ లెక్క నాకు పంపించండి, మార్కుల మెమో ఇప్పుడేం అక్కర్లేదు.