కల్లా లిల్లీ దుంప ఎందుకు కుళ్లింది?

ప్రశ్న: ఏప్రిల్‌లో గులాబీ, పసుపు రంగుల కల్లా లిల్లీ దుంపలు తెప్పించి మిద్దె మీద కుండీల్లో నాటి, రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. మొదట ఆకులు బాగానే వచ్చాయి కానీ, వానలు మొదలయ్యాక పసుపుబారి వాలిపోయాయి. తవ్వి చూస్తే ఒక దుంప మెత్తబడి దుర్వాసన వేస్తోంది. రెండోది గట్టిగానే ఉంది. బెంగళూరులో మా అక్క తన తెల్ల కల్లాకు రోజూ నీళ్లు పోస్తూనే ఉంది, అది గుబురుగా పెరిగి పూస్తోంది. మరి నా మొక్కలకు ఏమైంది? మిగిలిన దుంపను ఎలా కాపాడుకోవాలి? చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ మొక్కను పెంచవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు శ్రద్ధ తక్కువ చేసినందువల్ల ఈ నష్టం జరగలేదు. వేడికి తడి తోడవడమే దీనికి కారణం. కల్లాలన్నీ ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతాల మొక్కలే అయినా, తెల్లదాని స్వభావం వేరు, రంగులవాటి స్వభావం వేరు. తెల్ల కల్లా వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో పెరిగే మొక్క కాబట్టి, ఎప్పుడూ తడి ఉన్నా తట్టుకుంటుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న బెంగళూరు చల్లదనం దానికి బాగా సరిపోతుంది. మీ అక్కగారు చేస్తున్నది ఆ మొక్క వరకు సరైనదే. రంగుల కల్లాలు మాత్రం ఏడాదిలో కొన్ని నెలలు ఆకులన్నీ రాల్చి, పొడి నేలలో దుంపగా నిద్రపోయే జాతుల నుంచి వచ్చిన సంకరాలు. వాటి దుంప చుట్టూ వేడెక్కిన తడిమట్టి గాలి ఆడకుండా పట్టి ఉంటే, బాక్టీరియా చేరి దుంపను లోపలినుంచి ముద్దగా మార్చేస్తుంది. దుర్వాసన దాని గుర్తే. ఆ దశకు చేరిన దుంపను ఏ మందూ బాగుచేయదు. దాన్ని మట్టితో సహా పారవేసి, కుండీని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టండి.

గట్టిగా ఉన్న దుంపను కడిగి, బొటనవేలితో అంతటా నొక్కి చూడండి. ఎక్కడైనా వేలు దిగితే, శుభ్రమైన కత్తితో ఆ భాగాన్ని తెల్లటి కండ కనిపించేవరకు కోసివేయండి. తర్వాత దుంపను నీడలో, గాలి తగిలేచోట, కోసిన చోటు గట్టిపడేవరకు ఆరనివ్వండి. బాగా ఆరాక పొడి ఇసుకలోనో పొడి కొబ్బరిపీచులోనో పెట్టి, కాగితపు సంచిలో అక్టోబరు చివరివరకు ఉంచండి. ప్లాస్టిక్ సంచి వాడితే లోపల చెమ్మ పట్టి మళ్లీ కుళ్లు మొదలవుతుంది. ఆకులు ముందుగానే పోయినందున దుంపకు బలం చేరలేదు కాబట్టి, ఈ శీతాకాలం ఒకటి రెండు పూలకు మించి ఆశించవద్దు.

మన మైదాన ప్రాంతాల్లో ఈ దుంపలకు దీపావళి ముందువెనుకలే నాటే కాలం. 25 సెంటీమీటర్ల లోతున్న, అడుగున రంధ్రాలున్న కుండీలో ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన ఎరువు సమపాళ్లలో కలిపి నింపండి. దుంపను చేతిలోకి తీసుకుని చూస్తే ఒకవైపు నునుపుగా, మరోవైపు చిన్న చిన్న బొడిపెలతో ఉంటుంది. ఆ బొడిపెలే కళ్లు. అవి పైకి ఉండేలా పెట్టి, పైన 5 సెంటీమీటర్ల మట్టి కప్పి, ఒక్కసారి బాగా తడపండి. ఇక మొలక కనిపించేవరకు, పైమట్టి పూర్తిగా ఆరితే తప్ప నీళ్లు పోయకండి. వేర్లు లేని దుంప నీటిని వాడుకోలేదు. ఎక్కువ దుంపలు పోయేది ఈ రోజుల్లోనే. ఆకులు విప్పుకున్నాక మాత్రం, వేలితో తాకి చూసి, పైన రెండు సెంటీమీటర్లు ఆరినప్పుడల్లా నిండుగా పోయండి. తెల్లవారుజామున ఆకు కొసన నీటిబొట్టు వేలాడుతుంటే కంగారు పడనవసరం లేదు. ఎక్కువైన నీటిని మొక్క అలా బయటికి పంపుకుంటుంది.

ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నం నీడ పడేచోటు కుండీని ఉంచండి. యూరియా వేస్తే ఆకులు ఏపుగా పెరుగుతాయే తప్ప పూలు రావు. పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువును పల్చగా ఇస్తే చాలు. నాటిన రెండు మూడు నెలలకు, అంటే జనవరి, ఫిబ్రవరిలో, పసుపు కంకిని చుట్టుకుని గరాటులాంటి రంగు రేకు విచ్చుకుంటుంది. మనం పువ్వంటున్నది ఆ రేకునే. అసలు పూలు కంకి మీద కంటికి ఆననంత చిన్నవిగా ఉంటాయి. పూత అయ్యాక రేకు ఆకుపచ్చగా మారడం సహజమే, తెగులు కాదు. ఆ తర్వాతి వారాల్లోనే ఆకులు వచ్చే ఏటి పూలకు దుంపలో బలం నింపుతాయి కాబట్టి, వాటిని కోయకుండా మార్చి ఎండలకు తామే పసుపుబారే వరకు ఉంచి, క్రమంగా నీళ్లు తగ్గించి, చివరికి పూర్తిగా ఆపేయండి. వానకు తడవని నీడలో ఆ కుండీని దసరా దాకా వదిలేయవచ్చు.

ఇక పిల్లల సంగతి. కల్లా మన చేమ, కంద కుటుంబానికి చెందినదే. కంద తరిగేటప్పుడు దురద పుట్టించే క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దీని అన్ని భాగాల్లోనూ ఉంటాయి. చేమదుంపలా ఉడికించి తినడానికి ఇది పనికిరాదు. ఆకు నమిలితే నోరు మండి, నాలుక, పెదవులు వాస్తాయి. పిల్లులకు, కుక్కలకు కూడా ఇది హానికరమే. అందువల్ల కుండీని పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి, దుంపలు ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. పిల్లలెవరైనా నమిలితే వెంటనే నోరు తుడిచి, నీళ్లతో పుక్కిలింపజేయండి. వాపు పెరుగుతున్నా, మింగడం కష్టమవుతున్నా, ఊపిరి ఆడకపోయినా ఇంటి చిట్కాలతో ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్లండి.