నాణెం తప్పిపోదు

సందేహం: మూడేళ్ళుగా మందిరం గడప తొక్కని ఒక కుర్రవాడు ఈమధ్య తిరిగి వచ్చాడు. వాళ్ళమ్మ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంది. ఆహ్వానపత్రం రాసే పని నామీద పడింది. "నశించి దొరికిన మా అబ్బాయి" అని రాస్తే ఆమె నొచ్చుకుని "తప్పిపోయి" అనమంది. వాడేమీ తిరనాళ్ళలో తప్పిపోలేదు, తనంతట తానే పోయాడు కదా! పైగా, "నాతో కూడ సంతోషించుడి" అన్న బైబిలు వాక్యంలో "కూడ"కు దీర్ఘం లేదని అచ్చాఫీసులో "కూడా" అని దిద్దారు. ఏవి ఒప్పు? (ఒక పాఠకుడు, తెనాలి)

సమాధానం: ఆ తల్లి చెప్పిందే ఒప్పు. అచ్చాఫీసు దిద్దుబాటు తప్పు.

"తప్పు" అనే క్రియకు అసలు అర్థం ఉండవలసిన చోట ఉండకపోవడం, తగలవలసిన చోట తగలకపోవడం. గురి తప్పింది, దారి తప్పాడు, స్పృహ తప్పింది, పరీక్ష తప్పాడు, మాట తప్పాడు. వీటిలో స్పృహ తప్పినవాడు కావాలని తప్పలేదు. మాట తప్పినవాడు తెలిసే తప్పాడు. బుద్ధిపూర్వకమా కాదా అన్నది ఈ క్రియకు పట్టదు. తిరనాళ్ళలో చెయ్యి వదిలిన పిల్లవాడూ, బైబిలు కథలో ఆస్తి పంచుకుని దూరదేశం పోయిన కొడుకూ ఇద్దరూ తప్పిపోయినవాళ్ళే. రెండోవాడి విషయంలో "తప్పు" అన్న నామవాచకం కూడా లోపల సన్నగా వినబడుతుంది. ఎవరూ వేలెత్తి చూపకుండానే వినబడుతుంది. ఆ తల్లికి ఈ మాటే నచ్చడంలో ఆశ్చర్యమేముంది?

లూకా సువార్త 15వ అధ్యాయం తెరిచి చూడండి. మూడు ఉపమానాలున్నాయి. నూరు గొర్రెల్లో ఒకటి "తప్పిపోయినయెడల" అని ఉంది. పది వెండి నాణాల్లో ఒకటి మాత్రం తప్పిపోలేదు. ఒక స్త్రీ దాన్ని "పోగొట్టుకొనిన"ది. కొడుకు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ "తప్పిపోయి దొరకెను". మూలమైన గ్రీకులో ఈ మూడు చోట్లా ఉన్నది "అపొల్లుమి" అనే ఒకే క్రియ. పందులు మేపుతూ ఆ కొడుకు ఆకలికి "చచ్చిపోవుచున్నాను" అనుకున్నచోట కూడా అదే. ఒక్క మాటను తెలుగు చేసినవాళ్ళు ఇన్ని మాటలుగా ఎందుకు విడదీశారు? మన చెవి ఒప్పుకోదు కనుక. ఇలా తప్పిపోవాలంటే కాళ్ళుండాలి. ఉంగరం పోతుంది, తాళంచెవి పోతుంది. "నా ఉంగరం తప్పిపోయింది" అని ఎవరంటారు? పోనీ, కొడుక్కీ "పోగొట్టుకొను" వాడదామంటే అది మరీ ప్రమాదం. "కొడుకుని పోగొట్టుకున్నాడు" అనగానే మనకు పాడె కనబడుతుంది.

ఇక "నశించు". ఇది సంస్కృతం నుంచి వచ్చింది. సంస్కృత క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠం "ణశ అదర్శనే" అంటుంది, అంటే కనబడకపోవడం. నాశనం కావడమనే అర్థం ముదిరి, ఈ అర్థం మన వాడుకలో వెనకబడింది. ఛందస్సు చదువుకున్నవారికి "నష్టం" తెలిసే ఉంటుంది: ప్రస్తారంలో (గురులఘువుల కూర్పులన్నీ వరసగా రాసిన పట్టికలో) ఫలానా సంఖ్య గల వృత్తం రూపమేమిటో పట్టి చెప్పే లెక్క. పుట్టిన వేళ తెలియనివాడికి కట్టే జాతకం నష్టజాతకం. రెండుచోట్లా నష్టమైంది ధ్వంసం కాలేదు. కనబడడం లేదు, వెతికితే దొరుకుతుంది. లూకా 19:10లో "నశించినదానిని వెదకి రక్షించుటకు" అన్నది ఈ అర్థంలో చక్కగా అతుకుతుంది. ఆ మాట ఎవరి గురించి? మేడిచెట్టెక్కి కూర్చున్న జక్కయ్య గురించి. నిక్షేపంగా బతికి ఉన్న మనిషి, ధనవంతుడు కూడా. కాబట్టి గ్రంథంలో ఆ ప్రయోగం తప్పు కాదు. కానీ ఇవాళ్టి ఆహ్వానపత్రంలో, ఎదురుగా నిలబడ్డ కుర్రవాణ్ణి పట్టుకుని "నశించి" అంటే వినేవాడికి ధాతుపాఠం గుర్తురాదు. ప్రసంగాల్లో "నశించిపోతున్న ఆత్మలు" అని అలవాటుగా అనేసేవారు ఈ సంగతి కాస్త ఆలోచించాలని నా మనవి.

(ఇదే అధ్యాయంలో ఇంకో మాట కూడా చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. చిన్నకొడుకు "దుర్వ్యాపారమువలన" ఆస్తి పాడుచేశాడని ఉంది. వ్యాపారంలో దెబ్బతిన్నాడని చెప్పగా నేనే విన్నాను. ఇక్కడ వ్యాపారమంటే కొనుగోలు, అమ్మకం కాదు, నడత. చెడు నడతతో తగలేశాడని అర్థం.)

"కూడ" సంగతికి వద్దాం. కూడు అంటే కలియు. కూడలి, కూటమి, కూడగట్టు, చిన్నప్పటి ఎక్కాల పుస్తకంలో కూడిక, మీ ఆహ్వానపత్రంలోని కృతజ్ఞత కూడిక, అన్నీ దీని పిల్లలే. "నాతో కూడ సంతోషించుడి" అంటే నాతో కలిసి సంతోషించండి అని. గ్రీకులోనూ "కలిసి" అన్న అర్థం ఆ క్రియకు ముందే అతికి ఉంది. నాణెం దొరికినామె ఈ మాట అన్నది తన చెలికత్తెలతో, పొరుగువారితో. దీర్ఘం పెట్టి "నాతో కూడా" అంటే నేటి చెవికి అర్థం మారిపోతుంది: ఇప్పటిదాకా ఎవరెవరితోనో సంతోషించారు, ఇక నాతో కూడా కాస్త సంతోషించండి అని నిష్ఠూరమాడినట్టుంటుంది! "సంతోషించుడి" పాతకాలపు బహువచన విధి రూపం. "రండి" చివర ఉన్న "డి" కూడా అదే.

వాక్యాన్ని ఉదహరిస్తే ఉన్నది ఉన్నట్టు, దీర్ఘం లేకుండా, రిఫరెన్సుతో (లూకా 15:9) అచ్చువేయించండి. సొంత మాటల్లో అయితే "తప్పిపోయి దొరికిన మా అబ్బాయి కోసం మాతో కలిసి సంతోషించడానికి రండి" అనండి. ఒకే వాక్యంలో సగం గ్రాంథికం, సగం వాడుక మాత్రం వద్దు. అచ్చుకిచ్చే ముందు ఒకసారి ఆ కుర్రవాడికీ చూపించండి.