వానలు దాటితేనే చలికాలం: పండ్ల నిల్వపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: గత వేసవిలో నూజివీడు రసాలతో మేడ మీద మామిడి తాండ్ర వేశాను. డబ్బాలో పెట్టేనాటికి బాగానే ఉంది. శ్రావణ మాసంలో మూత తీస్తే మీదంతా తెల్లగా పట్టి ఉంది. సంక్రాంతికి వచ్చే మనవలకని దాచినది అలా అయిపోయింది. ఈసారి ఏ జాగ్రత్త తీసుకోవాలి?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: పండును చలికాలం దాకా ఎలా నిలపాలని చాలామంది అడుగుతారు గాని, కృష్ణా గుంటూరు ప్రాంతాల్లో చలి పండుకు చేసే కీడు ఏమీ లేదు. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గాలిలో నిండి ఉండే తేమను తట్టుకున్న తాండ్ర సంక్రాంతికి నిశ్చింతగా ఉంటుంది. మీ తాండ్ర బహుశా మూత పెట్టేనాటికే లోపల పచ్చిగా ఉండి ఉంటుంది.

ముందుగా ఆ తెలుపు ఏమిటో చూసుకోవాలి. పంచదార ఎక్కువ పడిన తాండ్ర మీద ఒక్కోసారి పంచదారే గరుకుగా, పలుకులుగా తేలుతుంది. తడి వేలితో రుద్దితే అది కరిగిపోతుంది. బూజు అయితే నూగులా లేచి ఉంటుంది, ముక్కవాసన వేస్తుంది, కొన్నాళ్లకు పచ్చబడుతుంది. బూజు పట్టిన తాండ్రను పైపైన తుడిచి ఎండలో పెట్టి తినడం మన ఇళ్లలో ఉన్న అలవాటే అయినా, కంటికి కనిపించే బూజు కింద దాని పోగులు లోపలికి పాకి ఉంటాయి కనుక దాన్ని పారవేయడమే మంచిది.

తాండ్రకు పీచున్న రసాలు తీసుకోవడంలో తప్పేమీ లేదు; రుచికి అవే మేలు. అయితే రసాన్ని పలుచని బట్టలో వడకట్టి పీచు తీసివేయాలి. కిలో రసానికి 150 గ్రాముల పంచదార కలిపి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో అంచుల వెంట బుడగలు వచ్చేదాకా కాచి చల్లార్చితే, పులియబెట్టే సూక్ష్మజీవులు చాలావరకు నశిస్తాయి. బెల్లం వేస్తే రంగు, రుచి బాగుంటాయి గాని, అది గాలిలోని తేమను పంచదార కన్నా త్వరగా లాక్కుంటుంది కాబట్టి బెల్లపు తాండ్రను వానలు ముదిరేలోగా తినేయాలి.

పొరలు వేసే దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. పూతరేకులతో పాటు తాండ్రకూ పేరున్న ఆత్రేయపురంలో చాపల మీద రసాన్ని పొర మీద పొరగా పరిచి ఎండబెడతారు. ముందు పొర ఆరితేనే తరువాతి పొర పడుతుంది. నెయ్యి రాసిన పళ్లెంలో రసం పలుచగా పోసి, వేలు ఆనించినప్పుడు అంటకుండా, పొర చర్మంలా బిగిసిన తరువాతే రెండో పొర పోయాలి. పైన ఆరి లోపల తడిగా ఉన్న పొర మీద మళ్లీ రసం పోస్తే, ఆ తడికి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, బూజు అక్కడ మొదలవుతుంది. సాయంత్రం కాగానే పళ్లేలను ఇంట్లోకి తేవాలి, ఎందుకంటే పగలంతా పోయిన తేమలో కొంత రాత్రి గాలికి తిరిగి వస్తుంది. మే నెల నడిమికే పని మొదలుపెట్టి, రోహిణి కార్తె ఎండలను వాడుకొని, మృగశిర ప్రవేశించేలోగా ముగించండి.

ఆరిందో లేదో తెలియాలంటే ఒక ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. మధ్యలో ముదురు మచ్చలు కనిపిస్తే అక్కడ ఇంకా తడి ఉన్నట్లు. ఎండలోంచి తెచ్చిన వెంటనే, వేడిగా ఉండగానే డబ్బాలో పెడితే మూత లోపల చెమట పట్టి ఆ నీరు మళ్లీ తాండ్ర మీదే పడుతుంది. అందుకే నీడన పూర్తిగా చల్లార్చి, చిన్న ముక్కలుగా కోసి, బటర్ పేపరు చుట్టి, కొద్దికొద్దిగా వేరు డబ్బాల్లో సర్దాలి. వానాకాలంలో ఒకరోజు ఎండ కాసింది కదా అని తీసి ఆరబెట్టకండి. ఆ గాలిలో తేమ ఎక్కువ. అనుమానంగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టడం మేలు.

ప్రశ్న: బంగినపల్లి గుజ్జును ఫ్రీజర్‌లో దాస్తే కొన్నాళ్లకు నల్లబడుతోంది, వాసన మారుతోంది. కరెంటు పోతే చెడిపోతుందా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కాచని గుజ్జులో రంగును, వాసనను మార్చే ఎంజైములు చలికి నెమ్మదిస్తాయే గాని పూర్తిగా ఆగవు. గుజ్జును ఒకసారి పొగలు వచ్చేదాకా వేడిచేసి, కిలోకు రెండు చెంచాల నిమ్మరసం కలిపి, చల్లారిన తరువాత ఒక పూటకు సరిపడేంత చొప్పున కవర్లలో పలుచగా పరిచి గడ్డకట్టించండి. గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది కనుక కవరు నిండా పోయకుండా కొంచెం ఖాళీ ఉంచాలి, ఆ ఖాళీలోని గాలిని మాత్రం నొక్కి తీసేయాలి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే నెలల తరబడి నిలుస్తుంది. ఒకే తలుపున్న ఫ్రిజ్‌లోని పై అర అంత చల్లబడదు కాబట్టి దానిని సంక్రాంతి దాకా నమ్ముకోకండి. గంటా రెండు గంటల కోతకు తలుపు తీయకుండా ఉంటే చాలు. పూర్తిగా కరిగినదాన్ని మాత్రం మళ్లీ గడ్డకట్టించవద్దు.

ప్రశ్న: మామిడి స్క్వాష్‌ నిల్వ ఉండటానికి వేసే పొడి ఎంత వేయాలి? అది లేకుండా గుజ్జును మరిగించి, సీసాలో బిగించి బయటే ఉంచకూడదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండో మాటకు ముందు జవాబు చెబుతాను: ఉంచకూడదు. బాగా మాగిన తియ్యని మామిడిలో పులుపు తక్కువ. పులుపును కొలిచే పీహెచ్ అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్లు; అది 4.6 దాటిన పదార్థాన్ని గాలి చొరకుండా బిగిస్తే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని కలిగించే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది. దాని బీజాలు మామూలుగా మరిగించినంత మాత్రాన చావవు, దాని విషం రుచిలోనో వాసనలోనో తెలియకపోవచ్చు.

స్క్వాష్‌కు కిలో గుజ్జు, 1.25 కిలోల పంచదార, లీటరు నీరు, 25 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) తీసుకోండి. నీటిలో పంచదార, నిమ్మ ఉప్పు వేసి కాచి, వడకట్టి, పూర్తిగా చల్లారాక గుజ్జు కలపాలి. మీరడిగిన పొడి పొటాషియం మెటాబైసల్ఫైట్. అది లీటరు స్క్వాష్‌కు 0.6 గ్రాములు, అంటే పై కొలతకు దాదాపు 1.6 గ్రాములు చాలు. చెంచాతో అంచనా వేయకుండా చిన్న డిజిటల్ త్రాసులో తూచి, కొద్ది నీటిలో కరిగించి చివరన కలపండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే వారికి ఈ స్క్వాష్ ఇవ్వవద్దు.

నేరేడు రసానికి ఇదే పొడి వాడితే ఆ ఊదారంగు వెలిసిపోతుంది. దానికి బదులు లీటరుకు 0.7 గ్రాముల సోడియం బెంజోయేట్ వాడాలి. లేదా పండ్లను కడిగి, తడి లేకుండా తుడిచి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి కవర్లలో వేసుకోవచ్చు. నన్నడిగితే నేరేడుకు ఈ రెండో పద్ధతే తేలిక.